దిబ్బ పురుగు, వేరు పురుగు

హులిగమ్మ బతుకులో మొదటి గెలుపు ఒక పేడదిబ్బ. ఇదీ ఒక గెలుపేనా అని నవ్వేవాళ్ళు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో మధ్యలో దిగి, సిద్దలదొడ్డి దాకా నడిచి, ఊరికి తూర్పున ఉన్న గరుసు నేల ఒక్కసారి చూసి రావాలి. నాగలి వేస్తే రాయి పలికేది. గడ్డి కూడా చోటు వెతుక్కుని మొలిచేది. అన్నదమ్ముల పంపకాల్లో గట్టుకు అవతలి ఎర్రమన్ను పెద్దవాడికి పోయింది. ఇవతలి గరుసు చిన్నవాడు నాగప్పకు మిగిలింది. పెద్దవాడి భార్య మహాదేవి, నాగప్ప భార్య హులిగమ్మ. పంపకానికి కూర్చున్న పెద్దమనుషులు కూడా ఆ పూట హులిగమ్మ ముఖంలోకి చూడలేక ఆకువక్కల పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నారు.

నాగప్ప ఆ చేను బీడు పెట్టేసి, ఊళ్ళో సగం ఇళ్ళలాగే సుగ్గికి పోవడం మొదలుపెట్టాడు. సుగ్గి అంటే మా పడమటి పల్లెల్లో వలస. ఇక్కడ పనులు అయిపోయిన నెలల్లో ఇంటికి తాళం వేసి, చాపా చట్టీ మూట కట్టుకుని, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. హులిగమ్మ కూడా రెండు సుగ్గులు చేసింది. పరాయి ఊరి గట్ల మీద పట్ట కప్పుకుని పడుకుంది. మిరప మంట చేతులకు పట్టి, ఏడుస్తున్న చంటిబిడ్డను ఎత్తుకోవడానికి జంకింది. ఆ జంకు ఆమె మరిచిపోలేదు. మూడో ఏడు మేస్త్రీ వ్యాను వచ్చి ఇంటి ముందు నిలబడితే ఎక్కనంది. ఈ గరుసులోనే పండించుకుని తింటానంది. వ్యానులో ఉన్నవాళ్ళు ఊరు దాటేదాకా నవ్వుకున్నారట.

తెల్లారగానే గంప నెత్తిన పెట్టుకుని దారి పట్టేది. హాలహర్వి వైపు నుంచి గొర్రెలమందలు వచ్చే కాలమైతే వాటి వెనకే నడిచేది. ఎద్దుల బండి కనిపిస్తే దాని వెనక నడిచేది. పేడ, పెంట, రాలిన ఆకు, పొయ్యిలో బూడిద, ఒకటని లేదు, ఇంటి వెనక తీసిన గుంతలోకి చేర్చింది. 'పేడ హులిగి' అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకుంది. మాగిన ఎరువు తోలి, రాళ్ళు ఏరి, మళ్ళీ తోలి, మళ్ళీ ఏరింది. మొదటి ఏడు వాన రాలేదు, రెండో ఏడు వచ్చిన వాన చాల్లేదు. మూడో ఏడు బుడ్డలు వేసి పీకితే చెట్టుకు గుత్తులు గుత్తులుగా కాయ వచ్చింది. పట్నం వాళ్ళు వేరుశనగ అంటారు, మాకవి బుడ్డలే. ఆకువక్కల పళ్ళెం చూస్తూ కూర్చున్న పెద్దమనుషులే గట్టు మీదికి వచ్చి నిలబడి, పీకిన చెట్టును అటూ ఇటూ తిప్పి చూసి పోయారు. అది ఆమె మొదటి గెలుపు.

ఆ తరువాత గెలుపులకు కొదవ లేదు. గాలికి మన్ను కొట్టుకుపోకుండా రెండు చేలకు మధ్యన గట్టు పొడవునా వేపమొక్కలు నాటింది. కడవతో నీళ్ళు మోసి బతికించింది. ఇప్పుడవి చెట్లు. ఊరికి ఒక పద్ధతి నేర్పింది. ఆమె దిబ్బ నుంచి బండెడు ఎరువు ఎవరైనా తోలుకోవచ్చు. పంట వచ్చినాక కాయలు రాల్చిన బుడ్డకట్టె బండెడు ఆమె కొట్టానికి చేర్చాలి. ఆ కట్టె తిని ఆమె పశువులు పేడ వేసేవి, ఆ పేడ మళ్ళీ ఊరి చేలకు పోయేది. నడుమ రూపాయి మాట లేదు. కూతురు హేమ సుగ్గి పిల్లల్లా ఏడాదికో బడి వదలకుండా ఒక్క బడిలోనే పదో తరగతి దాటి, ఎమ్మిగనూరులో హాస్టలులో ఉండి ఇంటరు చదువుతోంది. అన్నింటికన్నా పెద్ద గెలుపు తలుపు వెనక మేకుకు వేలాడేది, తుప్పు పట్టిన తాళంకప్ప. ఇంటికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చినాక హులిగమ్మ ఆ తాళం చూపించేది. ఆ రెండో సుగ్గి తరువాత ఈ ఇంటికి తాళం పడలేదని చెప్పేది. విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పేది. ఆమెకు ఆ హక్కు ఉంది.

ఈ ఏడు శ్రావణమాసం చివర ఆ తాళానికి చేటు వచ్చింది.

మహాదేవి చేనులో బుడ్డచెట్లు అక్కడక్కడ గుంపులుగా పసుపుపచ్చబారాయి. తడి ఉంది, తెగులు మచ్చ లేదు, అయినా వాడిపోతున్నాయి. హులిగమ్మ తన చేనులో కలుపు తీస్తుండగా గట్టు అవతల నుంచి పిలుపు వచ్చింది.

"హులిగీ, ఈడికి రా. నీ ఎరువు ఏం కనిందో వచ్చి సూసుకో."

పోయి చూసింది. మహాదేవి ఒక చెట్టును రెండు వేళ్ళతో పట్టి లాగితే కొప్పులో పువ్వు తీసినట్టు వచ్చేసింది. కింద వేరు లేదు, కొరికిన మొండెం ఉంది. మన్ను గీరితే తెల్లటి పురుగు, గోధుమరంగు తల, కొడవలిలా ముడుచుకుని ఉంది. మహాదేవి దాన్ని అరచేతిలో పెట్టి ముఖం దగ్గరికి తెచ్చింది. అది హులిగమ్మకు కొత్త పురుగు కాదు. ఏళ్ళ తరబడి ఆమె దిబ్బ తవ్వినప్పుడల్లా పారకు తగిలే తెల్ల పురుగు అదే. దిబ్బ బాగా మాగుతోందనడానికి అదే గుర్తు అనుకుని, ఇన్నేళ్ళూ చచ్చిపోకుండా పక్కకు తీసిపెట్టి మరీ తవ్వింది. మహాదేవి చేనుకు ఈ ఎండాకాలం తోలింది ఆ దిబ్బ ఎరువే.

నేరుగా ఇంటికి నడిచి దిబ్బలో పార వేసింది. తెల్లగా, లావుగా, ముడుచుకుని, పిడికెడు పురుగులు బయటపడ్డాయి. వెనక్కు తిరిగి చూస్తే సగం ఊరు నిలబడి ఉంది. పార వేయకుండా ఉండవచ్చు, వేసినా మన్ను కప్పేయవచ్చు. హులిగమ్మకు అది చేతకాదు.

రైతు సేవా కేంద్రంలో పనిచేసే స్వప్నకు నాగప్ప ఫోను కలిపి భార్య చేతికి ఇచ్చాడు. ఆ పిల్ల తుగ్గలి వైపు ఏదో మీటింగులో ఉంది. "పెద్దమ్మా, ఏం సెయ్యొద్దు. సేనులో పురుగొక డబ్బాలో, దిబ్బలో పురుగొక డబ్బాలో ఏసి పెట్టు. రేపు పొద్దున్నే వస్తా. తెల్లగా ఉండేటివన్నీ ఒకటే జాతి కాదు" అంది.

ఆ మాట హులిగమ్మ చెవిన పడింది. కానీ అదే క్షణాన ఇంకో చెవిన మహాదేవి మాట పడింది. "రేపటిదాకా యాటికి? ఈలోపల దిబ్బ సర్దుకునేదానికా?"

ఇద్దరు తోడికోడళ్ళ మధ్య ఇంతకన్నా పెద్ద మాటలే జరిగాయి, మరునాటికి చల్లారాయి కూడా. ఈ మాట మాత్రం ఊరందరి ఎదుట పడింది. దిబ్బ పేరు చెప్పుకుని తల ఎత్తుకున్న మనిషిని దిబ్బ దాచుకునే మనిషి అన్నారు. హులిగమ్మ నాగప్పను పురుగుమందు తెమ్మంది. ఒక్క రాత్రి ఆగమని నాగప్ప బతిమాలాడు. ఆమె ఆగలేదు. పొద్దు ఉండగానే, అందరూ చూస్తుండగానే, గుళికలు చల్లి, పైన నీళ్ళ మందు కలిపి కడవలతో పోసింది. ఎన్నేళ్ళుగానో కూర్చిన దిబ్బ మీద నురగ లేచింది. అప్పుడు మహాదేవి వైపు తిరిగి, ఇప్పుడు సరిపోయిందా అక్కా అని అడిగింది. మహాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది. వాసనకో, ఇంకెందుకో హులిగమ్మకు తెలియలేదు.

మరునాడు పొద్దున స్వప్న స్కూటరు దిగేసరికి దిబ్బ పక్కన కోళ్ళు కాళ్ళు చాపి పడి ఉన్నాయి. పైకి తేలి చచ్చిన పురుగులను తిన్నాయి. ఆ పిల్ల చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కట్టెపుల్లతో దిబ్బను చాలాసేపు కెలికింది. ఒక్కటీ కదల్లేదు.

"బతికిండేది ఒక్కటైనా ఉంటే బాగుండు పెద్దమ్మా" అంది చివరికి.

అప్పుడు హులిగమ్మకు పెరటి సొరపాదు గుర్తొచ్చింది. అంతకు ముందు నెల దాని మొదట్లో దిబ్బ ఎరువు రెండు గంపలు వేసింది. పోయి చేత్తో గీరింది. రెండు మూడు దొరికాయి, బతికే ఉన్నాయి. స్వప్న వాటిని అన్నం తినే పళ్ళెంలో ఒక పక్క వేసి, చేనులోంచి తెచ్చిన పురుగును ఇంకో పక్క వేసింది. చూడమంది. చేను పురుగు కాసేపు ముడుచుకుని ఉండి, పక్కకు ఒరిగి, ముందున్న కాళ్ళతో పళ్ళెం అంచుకు పాకింది. దిబ్బ పురుగు వెల్లకిలా తిరిగింది. కాళ్ళు ఆకాశానికి పెట్టి, వీపు మీదే అలలు అలలుగా జరుగుతూ పోయింది. తిప్పి సరిగా పడుకోబెడితే మళ్ళీ వెల్లకిలా తిరిగి, మళ్ళీ వీపు మీదే నడిచింది. తాగి పడినోని మాదిరి ఉందే అన్నాడు నాగప్ప.

ఇవి రెండు వేరు వేరు జాతులని స్వప్న విడమర్చి చెప్పింది. వీపు మీద నడిచేది మాగిన పేడలో పుట్టి, కుళ్ళిన చెత్త తిని బతుకుతుంది. దాన్ని మెత్తటి ఎరువు చేసి పెడుతుంది. బతికిన వేరు దానికి పనికిరాదు. పెద్దదయ్యాక మెరిసే రెక్కలు వచ్చి, పగటిపూట జొన్నకంకుల మీదా పూల మీదా వాలుతుంది. కాళ్ళతో పాకేది చేను మన్నులోనే పుడుతుంది. దానికి కావలసింది పచ్చి వేరు. రెక్కలు వచ్చినా మన్నులోనే పడుకుని ఉండి, మొదటి వాన పడిన సాయంత్రం బయటికి లేస్తుంది.

హులిగమ్మ అంతా విని, వీపు మీద నడిచినంత మాత్రాన వేరు కొరకదని నమ్మకం ఏమిటని అడిగింది. మొండితనం ఆమెను ముంచింది, నిలబెట్టిందీ అదే. తానే చూసి తేల్చుకుంటానంది. రెండు మూతి పగిలిన కుండల్లో మన్ను పోసి, బుడ్డచెట్లు వేర్లతో పెళ్ళగించి నాటి, ఒక దానిలో దిబ్బ పురుగును, ఇంకోదానిలో చేను పురుగును వదిలి, వీధి అరుగు మీద పెట్టింది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూసేలా పెట్టింది. ఇంకో కుండలో సొరపాదు దగ్గరి మాగిన ఎరువు ఒక్కటే నింపి, ఇంకో చేను పురుగును దానిలో వేసింది.

వారం తిరగకముందే చేను పురుగు ఉన్న కుండలో చెట్టు తల వేలాడేసింది. ఎరువులో వేసిన చేను పురుగు సన్నబడి, నల్లబడి, చచ్చింది. దిబ్బ పురుగు ఉన్న కుండలో చెట్టు పచ్చగా ఉండి పూత పట్టింది. కొన్నాళ్ళకు ఆ మన్ను తిరగదీస్తే పురుగు చచ్చి ఉంది. తెల్లటి వేర్లు దాని చుట్టూ అల్లుకుని ఉన్నాయి. పక్కనే వేరు పెట్టుకుని ఆకలికి చచ్చింది. హులిగమ్మ అరుగు మీద కూర్చుని ఆ పురుగును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏళ్ళ తరబడి తన ఇంట ఉండి, తన పని చేసిపెట్టి, తన చేతే మందు తాగిన జాతి అది.

ఊరు చూసింది, ఒప్పుకుంది. ఒప్పుకుంటే దిబ్బ లేచి రాదు. మందు పడిన ఎరువును ఎవరూ చేనుకు తోలనన్నారు. ఏడాదైనా ఎండా వానా తగలనీ అంది స్వప్న. ఎరువు ఇవ్వని ఇంటికి కట్టె ఎవరు తెస్తారు? వాళ్ళనూ తప్పు పట్టడానికి లేదు, ఈ ఏడు కట్టె అందరికీ తక్కువే. హులిగమ్మ చేనులో గరుసు వల్ల పురుగు అంతగా లేదు గానీ, అదను తప్పి పడిన వాన కాయను చెరిచింది.

ఇంకొక మాట మిగిలింది. మొదటి వాన పడిన సాయంత్రం చేను పురుగు ఎక్కడికి ఎగురుతుందో కూడా స్వప్న ఆ రోజే హులిగమ్మకు చెప్పింది. అది వేపచెట్టు మీదికి పోతుంది. ఆకు తింటుంది, జతకడుతుంది, తెల్లారకముందే దిగి దగ్గరి మెత్తటి మన్నులో గుడ్లు పెడుతుంది. ఏటా తొలకరికి గట్టు మీది వేపాకు జల్లెడ కావడం ఆమె చూస్తూనే ఉంది. ఇటుకరంగు పెంకు పురుగులు దీపం చుట్టూ కొట్టుకోవడం చూసింది. అవి ఎవరి తల్లులో ఎన్నడూ అడగలేదు. మహాదేవి చేనులో పసుపుబారిన గుంపులు ఎక్కడ మొదలయ్యాయో ఇప్పుడు తలుచుకుంటే, అన్నీ గట్టు పక్కనే. గట్టు మీద చెట్లు ఎవరివి? కడవతో నీళ్ళు మోసింది ఎవరు?

దిబ్బ తప్పు లేదని ఊరు ఒప్పుకున్న తరువాత ఈ మాట ఎవరూ అడగలేదు. అడగని మాట కడుపులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగింది. నాగప్ప కూడా చెప్పొద్దన్నాడు. చివరికి బుడ్డలు పీకే పనిలో ఉన్న మహాదేవి దగ్గరికి పోయి, గట్టు మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది.

మహాదేవి చేతిలో పని ఆపలేదు. "దిబ్బ కాకపాయె, సెట్లు. యాడ తిరిగినా నీదే."

"నాదే అక్కా."

"గొడ్డలి తెప్పిస్తాండా."

"కొట్టిచ్చు. ఈ గట్టు మీద లేకుంటే శివాలయం కాడ ఉండే వేపకు పోతాయి, ఆణ్ణుంచి వస్తాయి. మొదటి వాన నాడు పొద్దుగూకేటప్పుడు సెట్టు కింద దుప్పటి పరిసి కొమ్మలు దులిపితే రాలిపడతాయంట. కిరసనాయిలు నీళ్ళలో ఏస్తే సరి. నాలుగు సాయంత్రాలు నేను దులుపుతా. ప్రతి ఏడూ దులుపుతా."

మహాదేవి అప్పుడు తల ఎత్తింది. "తొలకరికి నువ్వు ఈడ ఉంటేగదా."

తన కొట్టంలో కట్టె లేదన్న సంగతి మహాదేవికీ తెలుసునని హులిగమ్మకు అప్పుడు అర్థమైంది. గొడ్డలి మాత్రం రాలేదు. దీపావళి నాడు ఊరంతా దిబ్బల మీద దీపాలు పెడుతుంటే హులిగమ్మ పెట్టలేదు. పొద్దుపోయాక చూస్తే ఒక దీపం వెలుగుతోంది. నాగప్పను అడిగితే తాను కాదన్నాడు. ఆమె ఇంకెవరినీ అడగలేదు.

కట్టె లేక బర్రెలను ఎమ్మిగనూరు సంతకు తోలి అమ్మేసింది. ఎద్దులను ఆదోని వైపు చుట్టాల ఇంట మేపుకు వదిలింది. మార్గశిరం దాటగానే మేస్త్రీ యేసేపు వచ్చి గడప బయటే నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి సుగ్గికి జనాన్ని కూర్చేది అతనే. ఈ ఇంటికి మాత్రం పిలవడానికి రావడం మానేసి చాలా కాలమైంది.

"నేను అడిగేదానికి రాలేదమ్మా" అన్నాడు. "నాగప్ప రమ్మంటే వచ్చినా."

"నేనే రమ్మన్యా యేసేపన్నా. కూర్చో. ఒకటే మాట సెప్పు, మల్లా ఎప్పుడు తెచ్చి దింపుతావు?"

మిరప కోత ఉగాది దాకా ఉంటుందని, తరువాత కాయల తొడిమలు తీసే పని ఎండాకాలమంతా ఉంటుందని అతను చెప్పాడు. అందరూ ఉగాదికే వస్తారు గానీ, రెండు పనులూ చేస్తేనే బర్రె మళ్ళీ కొట్టంలోకి వస్తుందని కూడా చెప్పాడు. రోహిణి కార్తె పెట్టకముందే సిద్దలదొడ్డిలో దింపాలని ఆమె పట్టుపట్టింది. మా వైపు మొదటి వాన సాధారణంగా ఆ కార్తె తరువాతే. యేసేపు ఫోనులో క్యాలెండరు చూసి ఒక తేదీ చెప్పాడు. ఆమె దాన్ని రెండుసార్లు చెప్పించుకుంది.

పోయే రోజు నాగప్ప మేకుకున్న తాళం తీశాడు. తాళంచెవి తిరగలేదు. బుడ్డనూనె వేసి, గోడకు కొట్టి, మళ్ళీ నూనె వేసి తిప్పితే కిర్రుమని తెరుచుకుంది. ఆ చప్పుడు హులిగమ్మ వీధిలో నిలబడి విన్నది. తలుపుకు తాళం ఆమే వేసింది. తాళంచెవి పట్టుకుని మహాదేవి ఇంటికి పోయింది. సెలవులకు హేమ వస్తే ఇక్కడ ఉంచుకోమని అడగడానికి నోరు తెరిచేలోగానే, పిల్ల మంచం వేసే చోటు నిన్ననే ఊడ్చానని మహాదేవి అంది. అని, తాళంచెవిని నడుముకు దోపుకుంది.

"తేదీ కన్నా ముందే వాన పడితే..." అంది హులిగమ్మ.

"పడితే పడనీ. నీ యాపసెట్లు నేను దులుపుతానా? నువ్వే వచ్చి దులుపుకో."

అలా అంటూనే ఆమె దండెం మీద ఆరుతున్న పాత దుప్పటిని తీసి, చిరుగులు ఎక్కడున్నాయో వెలుతురుకు పెట్టి చూసుకోవడం హులిగమ్మ కంట పడింది. పోయి వ్యాను ఎక్కింది. గట్టు మీద వేపచెట్లు దాటేదాకా వెనక్కి తిరిగి కూర్చుంది. దిబ్బ కనబడలేదు, ఇంటి వెనక ఉంది గదా.

యేసేపు చెప్పిన తేదీని మహాదేవి తన ఇంటి గోడ మీద పొయ్యిబొగ్గుతో రాయించుకుంది. మే ఇరవై మూడు, శనివారం.